ఇస్తా అన్నాడా, ఇచ్చా అన్నాడా? ఫ్యాన్ చప్పుడులో పోయిన ఒక్క మాట

వేమూరు అబ్బాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2023 మార్చిలో మా నాన్న మా బాబాయికి నాలుగున్నర లక్షలు ఇచ్చారు. సొంత బాబాయి కాదు, నాన్నకి పినతల్లి కొడుకు. వాళ్ల అమ్మాయి పెళ్లికి కావాలంటే రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాయించుకుని ఇచ్చారు. కిందటేడు నాన్న పోయారు. కర్మలన్నీ అయ్యాక రెండు నెలలు ఆగి నోరు తెరిచి అడిగితే "చూద్దాంలేరా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఊళ్లో మాత్రం "అన్నకి ఎప్పుడో ముట్టజెప్పేశా, నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోయా" అని చెప్పుకుంటున్నాడట.

కిందటి నెల ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చొక్కా జేబులో ఫోన్ పెట్టి రికార్డింగ్ ఆన్ చేశా. 14 నిమిషాలు వచ్చింది. వసారాలో కూర్చున్నాం. పైన ఫ్యాన్, హాల్లో టీవీ సీరియల్. ఇవి చాలవన్నట్టు సరిగ్గా అప్పుడే మా పిన్ని మిక్సీ వేసింది. తొమ్మిదో నిమిషంలో "నాన్న డబ్బు సంగతేంటి బాబాయ్" అని నేను అడిగింది స్పష్టంగా ఉంది. దానికి ఆయన ఒక్క ముక్క అన్నాడు. నాకు "ఇస్తా కదరా" అని వినిపిస్తోంది. మా అక్క మాత్రం "ఇచ్చా కదరా అన్నాడేమోరా" అంటోంది. నువ్వు అక్కడే ఉన్నావుగా అంటారేమో. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా గుండె చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. జేబులో ఫోన్ కనపడుతుందేమోనని ఒకటే టెన్షన్.

ఆన్‌లైన్‌లో ఏఐతో ఆడియో బాగుచేసే సైటు ఒకటి ఉంటే అందులో వేశా. ఫ్యాన్ పోయింది, మిక్సీ పోయింది, "ఇస్తా కదరా" గంట కొట్టినట్టు వచ్చింది. కాకపోతే మా బాబాయి వార్తలు చదువుతున్నట్టు ఉన్నాడు! దీన్ని కోర్టులో ఇవ్వొచ్చా? లేదా ఎవరితోనైనా పద్ధతిగా క్లీన్ చేయించాలా? ఇంకో సంగతి, ఆ ఫోన్ బాగా హ్యాంగ్ అవుతోంది. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నా. ఫైలు మా అక్కకి వాట్సాప్‌లో పంపి ఉంచాను.

టెక్ తమ్ముడు:

బ్రో, సింపుల్. ఏఐలో క్లీన్ చేసింది బాగానే ఉందిగా. ఆ ఒక్క ముక్కా కట్ చేసి, వాల్యూమ్ పెంచి, సీడీలో కొట్టించి లాయర్‌కి ఇచ్చెయ్. 14 నిమిషాలు జడ్జి గారెందుకు వింటారు? మా ఫ్రెండ్ ఒకడు ఇలాగే చేశాడు.

పాత టేపు:

వేమూరు తమ్ముడూ, ముందు ఆ ఎక్స్‌ఛేంజ్ మాట మర్చిపో. ఫోన్ స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టు. పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా చెయ్యకు. టెక్ తమ్ముడి మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు నేనూ సరిగ్గా అదే చేశాను, దాని ఫలితం బోనులో నిలబడి చూశాను.

1991లో మద్రాసులో ఒక డబ్బింగ్ థియేటర్లో టేపులు మోసే కుర్రాడిగా చేరాను. తర్వాత హైదరాబాద్ వచ్చి అదే పనిలో తల నెరిసింది. ఒకసారి తెలిసినాయన ఒకరు ఒక రికార్డింగ్ పట్టుకొచ్చారు, వ్యాపారంలో భాగస్వామితో గొడవ. నేను ఉత్సాహంగా కూర్చుని హమ్ (కరెంటు వల్ల సన్నగా వచ్చే గుయ్యిమనే మోత) తీసేశా, గొంతు పైకి తెచ్చా, మధ్యమధ్య మాటల్లేని చోట్లు "ఎందుకులే" అని కత్తిరించేశా. సినిమావాడి చెయ్యి కదా, ఖాళీ కనిపిస్తే ఊరుకోదు. 21 నిమిషాలది 13 నిమిషాలైంది. కోర్టులో అవతలి లాయరు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న: "మిగతా 8 నిమిషాల్లో ఏముందండీ?" ఏమీ లేదు, ఫ్యాను చప్పుడే. కానీ అది నిరూపించడానికి అసలు ఫైలు ఏది? రికార్డింగ్ తెచ్చినాయన దాన్ని తీసిన ఫోన్ అప్పటికే అమ్మేశాడు. నా దగ్గరున్నది నేను కోసిన కాపీ. రికార్డింగ్‌ని పక్కన పెట్టేశారు. ఆయన ఇప్పటికీ నాకు ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్తాడు.

కాబట్టి మొదటి పని ఇది. ఫోన్లోని ఫైలుని కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి కాపీ చెయ్యి. వాట్సాప్‌లో తిరిగిన ఫైలుని నమ్మకు. పేరు మారిపోతుంది, ఒక్కోసారి లోపలి సమాచారమూ మారుతుంది. కాపీ చేసిన వెంటనే దాని హ్యాష్ తీసి పెట్టుకో. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర అనుకో. షా-256 పద్ధతిలో 64 అక్షరాల వరస వస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, ఉచితమే. ఆ ఫైలు ఇక దేవుడి గదిలో దీపం లాంటిది, ముట్టుకోవద్దు. ఏ ప్రయోగమైనా ఇంకో కాపీ మీదే. ఏ ఫిల్టరు, ఎంత, ఏ వరసలో వేశావో ఒక నోటుబుక్కులో రాసుకో. ఇంకొకడు అవే అంకెలు వేస్తే అదే శబ్దం రావాలి. అలా రాకపోతే అది క్లీనింగ్ కాదు, కవిత్వం.

ఇక ఏది పోతుంది, ఏది పోదు. కరెంటు హమ్ మన దేశంలో 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర ఉంటుంది, సన్నగా కోసెయ్యొచ్చు. (ఆ హమ్ కూడా సాక్షే. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ 50కి కాస్త అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, మధ్యలో కత్తిరిస్తే ఆ ఊగు తెగిపోయి కనబడొచ్చు. అసలు ఫైలు ముట్టొద్దనేది అందుకు కూడా.) ఫ్యాను మోత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని కొంత తగ్గించొచ్చు. మరీ నొక్కితే గొంతు నీళ్లలో మునిగినట్టు బుడబుడమంటుంది. టీవీ కష్టం, అదీ మనిషి గొంతే కదా. అయితే ఆ రోజు ఎపిసోడ్ దొరికితే దాన్ని పక్కన పెట్టి, ఆ శబ్దాన్ని లెక్కగట్టి తీసేసే పద్ధతి ఒకటుంది. సీరియల్ ఆ విధంగా ఒకరికి పనికొచ్చిందంటే సంతోషమే. కానీ వసారా గోడల ప్రతిధ్వని దాన్ని పూర్తిగా కుదరనివ్వదు. మిక్సీ తిరిగినంతసేపూ ఫోన్ తనంతట తనే మైకు స్థాయి తగ్గించేసుకుని ఉంటుంది. ఆ కాసేపట్లో పోయింది పోయినట్టే. లేనిదాన్ని ఏ ఇంజనీరూ తేలేడు.

అన్నిటికంటే పెద్ద దొంగ నీ చొక్కా జేబు. గుడ్డ రాపిడి మాటల మీదే వచ్చి కూర్చుంటుంది. పైగా గుడ్డ పైస్థాయి శబ్దాన్ని మింగేస్తుంది. మన "స" బతికేదే అక్కడ, 4,000 హెర్ట్జ్‌కి పైన. పాత ల్యాండ్‌లైన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే పేరు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్" అనే అలవాటు పడింది.

ఇప్పుడు నీ ఒక్క మాటకి వస్తా. "ఇచ్చా"లో ముందు నాలుక అంగిట్లో అతుక్కుని చిన్న నిశ్శబ్దం, ఆ తర్వాత "చ్" అని గాలి. "ఇస్తా"లో ముందు "స్" అని గాలి, ఆ తర్వాత "త" కోసం నిశ్శబ్దం. రెండిట్లోనూ అవే రెండు సరుకులు, వరస తిరగబడింది అంతే. ఫ్యాను మోత వచ్చి ఆ నిశ్శబ్దాన్ని నింపేసి, జేబు ఆ గాలిని మింగేస్తే మిగిలేది "ఇ...ా". అక్కడ ఏఐకి ఇచ్చావనుకో, అది వినదు, ఊహిస్తుంది. అది నేర్చుకున్న మాటల్లో మన డెల్టా తెలుగు ఎంత ఉంటుందో నువ్వే ఆలోచించు. నీకు గంట కొట్టినట్టు వినిపించిన "స్" మీ బాబాయి నోట్లోంచి వచ్చిందో, ఆ సైటు తయారు చేసిందో ఎవరూ చెప్పలేరు. వార్తలు చదువుతున్నట్టు ఉన్నాడన్నావే, అదే దానికి గుర్తు.

కానీ ఒక ఆశ ఉంది. చివరి అచ్చు విను. "ఇచ్చా"లో ఆ "ఆ" నిండు "ఆ" కాదు. "వచ్చాడు, తెచ్చాడు" అని పైకి అని చూడు, నోరు పక్కకి సాగుతుంది, కాస్త "ఏ" వైపు వాలుతుంది. "ఇస్తా, వస్తా"లో నోరు నిండా తెరుచుకుంటుంది. డబ్బింగ్‌లో పెదాలకి మాట అతికించేటప్పుడు మాకు ఈ తేడాతోనే రోజూ పని. హల్లు పోయినా అచ్చు కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి చాలాసార్లు బతుకుతుంది. అదే రికార్డింగ్‌లో బాబాయి వేరే చోట "వచ్చా" అన్నది ఒకటి, "చూస్తా" అన్నది ఒకటి దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకో, వాల్యూమ్ మరీ పెంచకు.

ఆఖరుగా, నువ్విక వినకు. ఎన్నిసార్లు వింటే అంత "ఇస్తా" అవుతుంది. మెదడు తీరే అంత. న్యూజిలాండ్‌లో డేవిడ్ బెయిన్ అనే ఆయన మీద నడిచిన హత్య కేసొకటి ఉంది. 1994లో ఆయన అంబులెన్స్‌కి చేసిన ఫోన్‌లో ఊపిరి శబ్దాల మధ్య ఒక అస్పష్టమైన ముక్క ఉంది. నేనే కాల్చానని ఒప్పుకున్నాడని కొందరికి వినిపించింది, ఊపిరాడక ఏదో గొణిగాడని మరికొందరికి వినిపించింది. చివరికి 2009లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ ముక్కని జ్యూరీకి వినిపించడానికే వీల్లేదంది. ముందే ఒక మాట చెవిలో పడితే ఆ తర్వాత చెవి దాన్నే వెతుక్కుంటుంది. కాబట్టి గొడవ సంగతి తెలియని ముగ్గురికి, ఏమీ చెప్పకుండా, ఆ పది సెకన్లు వినిపించి కాగితం మీద రాయమను. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

నల్లకోటు:

పాత టేపు గారు శబ్దం సంగతి చెప్పేశారు కాబట్టి నేను కాగితం సంగతి చెప్తాను. గుంటూరు జిల్లా కోర్టుల్లో పదకొండేళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఇది సలహా మాత్రమే, మీ కాగితాలు చూడకుండా చెప్తున్నది.

అసలు మీకు ఈ రికార్డింగ్ ఎంత అవసరం? నోటు ఒరిజినల్ మీ దగ్గరే ఉంది. సంతకం తనది కాదని మీ బాబాయి గారు అనడం లేదు, తీర్చేశానంటున్నారు. తీర్చానన్నవారే తీర్చినట్టు రుజువు చెయ్యాలి. నోటు వెనక చెల్లు ఉందా? రసీదు ఉందా? బ్యాంకులో పడిందా? ఇవేవీ లేకుండా "అన్నకి చేతికిచ్చా" అంటే కోర్టు వింటుంది గానీ అంత తేలిగ్గా నమ్మదు. అంటే బరువు ఆయన నెత్తిన ఉంది. మీరు ఆ రికార్డింగ్ దాఖలు చేసి, నిపుణుడు వచ్చి "ఇచ్చా అనే వినిపిస్తోంది" అన్నాడనుకోండి, ఆయన నెత్తినున్న బరువు మీరే దింపి మీ నెత్తిన పెట్టుకున్నవారవుతారు.

ఇంతకంటే అర్జెంటుది గడువు. నోటు 2023 మార్చిది అంటున్నారు. మూడేళ్లలోగా దావా వెయ్యాలి. అంటే 2026 మార్చిలో నోటు మీదున్న తేదీ దాటకూడదు. "రికార్డింగ్‌లో ఒప్పుకున్నాడుగా, గడువు పెరుగుతుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్పు ఒప్పుకోలు రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, అదీ గడువు తీరకముందే. నోటితో వెయ్యిసార్లు "ఇస్తా" అన్నా గడువు ఒక్క రోజు జరగదు. ఈ లోపల అమ్మగారి పేరున, మీ పేరున, అక్క పేరున వారసత్వ ధ్రువీకరణ కోసం సక్సెషన్ పిటిషన్ కూడా వెయ్యండి. అది లేకుండా దావా వెయ్యొచ్చు గానీ, చనిపోయినవారికి రావాల్సిన అప్పు మీద డిక్రీ, అంటే డబ్బు కట్టమనే కోర్టు ఉత్తర్వు, ఇవ్వరు.

ఇక రికార్డింగ్ పెట్టాలనే అనుకుంటే. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించిన పాత 65బి ఇప్పుడు 63వ సెక్షన్. సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఇస్తే దానితో సర్టిఫికెట్ తప్పనిసరి. 2014లో అన్వర్ కేసులో, మళ్లీ 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగా చెప్పింది. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్‌కి రెండు భాగాలు, ఒకటి మీరు నింపాలి, రెండోది నిపుణుడు. హ్యాష్ ఎంతో అందులో రాయాలి, అందుకే పాత టేపు గారు అంత పట్టుబట్టారు. అసలు ఫోన్‌నే కోర్టుకి తెచ్చి, ఇది నాది, ఇందులోనే రికార్డు చేశాను అని మీరు బోనులో చెప్తే ఆ సర్టిఫికెట్ బాధ ఉండదని అదే 2020 తీర్పులో ఉంది. ఎక్స్‌ఛేంజ్ చేస్తే వచ్చే రెండు మూడు వేలకి ఈ దారి మూసేసుకోకండి.

1985లో రామ్ సింగ్ కేసు అని హర్యానా ఎన్నికల వివాదం ఒకటుంది. టేపు రికార్డుకి ఏమేం కావాలో అందులో చెప్పారు. గొంతు ఎవరిదో గుర్తుపట్టాలి, మార్పులు చెయ్యలేదని తేలాలి, భద్రంగా సీలు వేసి ఉంచాలి, మాట స్పష్టంగా వినపడాలి, వేరే చప్పుళ్లలో మునిగిపోకూడదు. మీ పిన్నిగారి మిక్సీ తగిలేది ఆ చివరి దానికి. క్లీన్ చేసిన కాపీని అసలుతో కలిపి, వినడానికి సాయంగా మాత్రమే ఇవ్వొచ్చు. అసలు స్థానంలో కాదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపాలంటే మీరే ఫోన్ పట్టుకుని వెళ్తే సాధారణంగా తీసుకోరు. దావా వేశాక కోర్టులో పిటిషన్ వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 26 రూల్ 10ఎ కింద పంపమని అడగాలి. టైపు చేయించే ట్రాన్‌స్క్రిప్టులో వినపడని చోట "వినపడలేదు" అనే రాయించండి. ఊహించి నింపితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

టెక్ తమ్ముడు:

సారీ అన్నా. నాకు ఇదంతా తెలీదు. మా ఫ్రెండ్ కేసు ఏమైందో కూడా నేను అడగలేదు.

వేమూరు అబ్బాయి:

అందరికీ థాంక్స్. వారం పట్టింది, ఏం చేశానో చెప్తాను.

ఫోన్ అమ్మ బీరువాలో ఉంది. ఫైలు కేబుల్‌తో తీశా. దాని హ్యాషూ, అక్కకి వాట్సాప్‌లో వెళ్లినదాని హ్యాషూ రెండూ తీసి చూస్తే మొదటి అక్షరం నుంచే వేరు! అప్పుడు గానీ నాకు ఒంట్లో భయం పుట్టలేదు.

ముగ్గురికి వినిపించా. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆవిడ, మా వీధిలో కిరాణా కొట్టాయన, మా బావ చెల్లెలు. కాగితాలు ఇవిగో నా ముందే ఉన్నాయి. కొట్టాయన "ఇచ్చా కదరా" అని రాశాడు. ఆవిడ "ఏంటి కదరా" అని రాసింది. మూడో కాగితంలో "విన్నా కదరా" అని ఉంది. "ఇస్తా" అని ఒక్కరూ రాయలేదు. పాత టేపు గారు చెప్పిన అచ్చు సంగతి కూడా చూశాను. బాబాయి మూడో నిమిషంలో "పొద్దున్నే వచ్చా" అంటాడు, పన్నెండో నిమిషంలో "కనుక్కుని చూస్తా" అంటాడు. పక్కపక్కన పెట్టి వింటే... ఇక్కడ రాయడం ఇష్టం లేదు గానీ, నేను అనుకున్నట్టు లేదు.

ఒక సందేహం. నిజంగానే నాన్నకి ఇచ్చేసి ఉంటాడా? నాన్న డైరీలో 2024 దాకా ప్రతి పాలబాకీ కూడా ఉంది. ఇది మాత్రం లేదు.

పాత టేపు:

తమ్ముడూ, "ఇచ్చా" అన్నంత మాత్రాన ఇచ్చినట్టు కాదుగా. ఊళ్లో అంటున్నదే నీ ముందూ అని ఉంటాడు. రికార్డింగ్ చెప్పేది ఆయన ఏమన్నాడో మాత్రమే.

ఆ నోటుబుక్కూ ఆ మూడు కాగితాలూ పారెయ్యకు. తేదీ వేసి పెట్టు.

నల్లకోటు:

డైరీ గురించి మొదట్లోనే చెప్పాల్సింది. దావాకి రికార్డింగ్ జోలికి పోకుండా నోటు, డైరీలతోనే మొదలుపెడదాం. రికార్డింగ్ ఉందన్న సంగతి మీ లాయరుకి మాత్రం దాచకుండా చెప్పండి, మంచి చెడూ రెండూ. నోటు మీద సాక్షి సంతకాలు చేసినవాళ్లు ఇద్దరూ బతికే ఉన్నారా? నోటు రాసినాయన ఎవరు? అది కనుక్కోండి. దావాకి ముందు నోటీసు పంపుదాం, ఆయన జవాబు రాతలో వస్తుంది, అందులో ఏమంటారో చూద్దాం. ఎప్పుడు ఇచ్చాను, ఎక్కడ ఇచ్చాను, ఎవరి ముందు ఇచ్చాను అనేవి రాయాల్సి వస్తుంది కదా.

వేమూరు అబ్బాయి:

సాక్షుల్లో ఒకాయన కొల్లూరులో ఉన్నాడు మేడమ్. రేపు వెళ్తున్నా. ఈసారి ఫోన్ జేబులో ఉండదు లెండి.